గాజుతొట్టెలో కలహము



మన గోదావరి సీమలో చేపను గూర్చి ఏమియు తెలియని ఇల్లు అరుదు. కాలువ గట్టున పుట్టి పెరిగినవారు, లాకుల కడ వల విసరినవారు, వరదనీరు వచ్చిన నాటినుండి పులసకై ఎదురుచూచువారు, చెరువులపై పెట్టుబడి పెట్టి రాత్రులు మేలుకొని ఏరేటర్లను కాచుకొనువారు, వీరందరును చేపను ఆహారముగనో జీవనోపాధిగనో ఎరిగినవారే. ఐతే గడచిన కొన్ని దశాబ్దములుగా చేప మన ఇండ్లలోనికి మరియొక రూపమున ప్రవేశించినది. అన్నవరమున రత్నగిరి పాదమునందలి వీధులు మొదలుకొని కాకినాడ, రాజమహేంద్రవరముల మేడలవరకు, ముందుగదిలో ఒక గాజుతొట్టె, దానిలో రంగురంగుల చేపలు, పైన ఒక దీపము, నీటిలో బుడగలు వదలు ఒక చిన్న యంత్రము నేడు సామాన్య దృశ్యములైనవి. కంటికి ఇంపును, మనస్సునకు శాంతిని కోరి తెచ్చుకొన్న ఈ తొట్టెలో కొన్నాళ్ళకు అశాంతి బయలుదేరుటయు అంతే సామాన్యమైనది.

నిన్న సాయంకాలము నిండు రెక్కలతో తిరుగాడిన చేప నేటి ఉదయమున తోక చినిగి, పొలుసులు రాలి, ఒక మూల ఒదిగి యుండును. దానిని గాయపరచినదేదియో ఇంటివారిలో ఎవరును చూచియుండరు. చూడనిచోట ఊహ బయలుదేరును. తొట్టెలో అన్నిటికంటె పెద్దదియో, నల్లనిదియో, చూపు కఠినముగ తోచునదియో అయిన చేపపై నేరము మోపబడును. దానిని ప్లాస్టిక్ సంచిలో పోసి దుకాణమునకు తిరిగి యిత్తురు. లేదా కాలువలో విడిచివత్తురు. వారము గడచునప్పటికి మరియొక చేప గాయపడును, అనుమానము మరియొకదానిపైకి పోవును. ఇట్లు ఒకదాని వెనుక ఒకటిగా నిరపరాధులకు శిక్ష పడుచుండగా అసలు కారణము ఆ తొట్టెలోనే చెక్కుచెదరక నిలిచియుండును. ఆ కారణము తరచుగా చేప కాదనియు, ఆ చేపలను అక్కడ కూర్చిన మన ఏర్పాటే యనియు శ్రోతలకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మన పూర్వులు మాత్స్యన్యాయమనిరి. దండనీతి నశించినచోట బలవంతుడు దుర్బలుని కబళించునని చెప్పుటకు కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఈ దృష్టాంతమునే గ్రహించెను. రాజనీతికి ఎంతయో ఉపకరించిన ఆ దృష్టాంతము గాజుతొట్టెను అర్థము చేసికొనుటకు మాత్రము చాలదు. ఏలయన, మ్రింగబడిన చేప గాయముతో కనబడదు. అసలు కనబడనే కనబడదు. గాయపడి బ్రతికియున్న చేపను చూచినప్పుడు మూడు మార్గములలో ఆలోచింపవలెను. మరియొక చేప దానిని తినుటకు గాక తరిమివేయుటకు కరచియుండవచ్చును. లేదా దాని దేహములో పొలుసునో, రెక్క అంచునో, పైనున్న జిగురునో మాత్రమే కోరి కరచియుండవచ్చును. లేదా దానిని ఏ చేపయు కరవనే లేకపోవచ్చును. ఈ మూడింటిని వేరుపరుపగలిగిన నాడు సమస్య సగము తీరినట్లే.

మొదట తరిమివేయుటకై జరుగు పోరాటమును చూతము. హాలెండునందలి లైడెన్ విశ్వవిద్యాలయమున నికో టిన్‌బర్గెన్ అను శాస్త్రజ్ఞుడు స్టికిల్‌బ్యాక్ అను చిన్నచేపలను తొట్టెలలో పెంచి పరిశీలించెను. సంతానకాలమున ఆ జాతి మగచేప యొక్క ఉదరభాగము ఎర్రబారును. అది గూడు కట్టుకొని, తన హద్దులోనికి వచ్చిన మరియొక మగచేపను తరుమును. చేప ఆకారమైనను సరిగా లేని మైనపు బొమ్మకు క్రిందిభాగమున ఎర్రరంగు పూసి నీటిలో దింపినచో ఆ మగచేప దానిపైకి దూకెను. చేపను పోలిన బొమ్మయే యైనను ఎరుపు లేనిచో అంతగా లక్ష్యపెట్టలేదు. ఆస్ట్రియా దేశస్థుడైన కోన్రాడ్ లోరెంజ్ 1963లో ప్రకటించిన తన గ్రంథమున, పగడపు దిబ్బల చేపలను వర్ణించుచు, చేప యొక్క ఆగ్రహము పరజాతిపైకంటె స్వజాతిపైననే మిక్కుటముగ నుండునని చూపెను. ఆహారము, నివాసము, జత, ఈ మూడింటికిని పోటీ వచ్చునది తనవంటి చేపయే గదా! ఈ ఇరువురును, కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను మరియొక మహనీయుడును 1973లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

దీనినిబట్టి చేప చేయు దాడి క్రూరత్వము కాదని, తన చోటును కాపాడుకొను స్వభావమని తెలియుచున్నది. స్వేచ్ఛాజలములలో ఈ స్వభావము వలన ప్రాణహాని చాల తక్కువ. అన్నవరము కొండ చుట్టును ప్రవహించు పంపానదిలో ఒక చేప మరియొకదానిని తరిమినప్పుడు, ఓడినది నాలుగు బారలు ఈది, ఒక బండ వెనుకకో నాచు మాటునకో చేరును. గెలిచినది తన హద్దు దాటి వెంబడింపదు. తగవు అంతటితో ముగియును. గాజుతొట్టెలో ఓడిన చేపకు పోవుటకు చోటు లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెను అంచువరకు నింపినను 56 లీటర్ల నీరు మాత్రమే పట్టును. ఆ నీరంతయు బలముగల ఒక్క చేప తన హద్దుగా భావించినచో, తక్కిన చేపలన్నియు దాని దృష్టిలో నిత్యము హద్దు మీరినవే యగును. ఓడినది పారిపోవుచున్నను ఇంకను ఎదుటనే యున్నది. కావున గెలిచినది మరల మరల దాడి చేయును. నదిలో క్షణకాలము సాగెడు బెదిరింపు తొట్టెలో దినమెల్ల సాగు హింసగా మారుటకు కారణమిదియే. చేప స్వభావము మారలేదు. నాలుగు ప్రక్కల గాజును నిలిపినవారము మనము.

రెండవది, దేహములో కొంత భాగమును మాత్రమే కోరు చేపల సంగతి. దుకాణములలో అందముగ కనిపించు టైగర్ బార్బ్, నల్లని పట్టెలు గల ఉల్లాసమైన చేప, గుంపుగా తిరుగుట దానికి సహజము. ఒకటి రెండింటిని మాత్రమే తెచ్చి, పొడవైన రెక్కలు వ్రేలాడు ఏంజెల్ చేపతోనో గౌరామితోనో కలిపినచో, తమలో తాము ఆడుకొనవలసిన ఆటను ఆ నిదానపు చేపల రెక్కలపై ఆడును. అదే చేపను ఎనిమిది పదింటిని కలిపి విశాలమైన తొట్టెలో ఉంచినచో వాటి తగవులు చాలవరకు వాటిలోనే సమసిపోవును. ఒంటరితనము దానిని అల్లరిదానిగా చేసినది గాని పుట్టుక కాదు.

మన ఊళ్ళలో మరియొక అలవాటు కలదు. దోమల నివారణకై 1920లలో మన దేశమునకు తేబడిన గంబూషియా చేపలు నేడు బావులలోను, గుంటలలోను, కాలువలలోను విస్తారముగ నున్నవి. పిల్లలు వాటిని గప్పీలని భ్రమించి, సీసాలలో పట్టి తెచ్చి, ఇంటి తొట్టెలో వదలుదురు. చూచుటకు అమాయకముగ నుండు ఈ చిన్నచేప తనకంటె ఎంతో పెద్దదైన బంగారు చేప యొక్క తోకను తుంపులు తుంపులుగా కొరుకును. ఇంటివారు పెద్దచేపలను అనుమానించుచుందురు. చిన్నదానివైపు ఎవరి చూపును పోదు.

ఇంతకంటె విచిత్రమైనది మన ఏరులలో కానవచ్చు గాజుచేప. దేహము పారదర్శకమై, లోపలి ఎముకలు వెలుతురులో కనబడునట్టి ఈ చేపను శాస్త్రజ్ఞులు చందా నామా అని పిలుతురు. ఇది ఇతర చేపల పొలుసులను పెరికి తినునని శాస్త్రమున ప్రసిద్ధము. వయస్సుతో పాటు దానికి ఈ అలవాటు ఎట్లు మారునో గ్రబ్, వైన్‌మిల్లర్ అను పరిశోధకులు 2004లో ప్రకటించిన వ్యాసమున వివరించిరి. తొట్టెలోని చేపకు తోకయు రెక్కలును చెక్కుచెదరక, ప్రక్కభాగమున అక్కడక్కడ పొలుసులు మాత్రము ఊడియున్నచో, ఏటినుండి తెచ్చి కలిపిన చేపలలో గాజుచేప యున్నదేమో చూచుట మంచిది.

రాత్రివేళ కలుగు గాయములు వేరు. అద్దమును శుభ్రపరచునని చెప్పి అమ్మెడు సక్కర్ చేప బాల్యమున నాచును తిని తృప్తిపడును. పెరిగి జానెడు దాటిన పిమ్మట, తొట్టెలో నాచు చాలనప్పుడు, చీకటిలో నిదురించు బంగారు చేప ప్రక్కకు అంటుకొని దాని దేహముపైనున్న జిగురును పీల్చును. ఆ జిగురు చేపకు కవచము. అది పోయినచోట ఎర్రని గుండ్రని మచ్చ ఏర్పడి, సూక్ష్మజీవులకు ద్వారము తెరచుకొనును. మన చెరువులనుండి ముచ్చటపడి తెచ్చు జెల్ల పగలు రాతి చాటున దాగి, రాత్రి సంచరించి చిన్నచేపలను మాయము చేయును. నేలమీద సైతము పాకగల గొరక తన చెంపమూతల అంచునందలి ముండ్లచేత ఇతర చేపలను గీరగలదు. అందుచేత ఉదయమున గాయమును చూచి పగటి సంచారమునుబట్టి తీర్పు చెప్పరాదు. దీపములార్పిన రెండు గంటల తరువాత, టార్చికి ఎర్రకాగితము చుట్టి, మందమైన వెలుతురులో నిశ్శబ్దముగ కొంతసేపు చూచినవారికి పగలు తెలియని సత్యము తెలియును.

ఇక మూడవది, ఏ చేపయు కరవని గాయము. అన్నిటికంటె ఎక్కువగా అపార్థమునకు గురియగునది ఇదియే. తెల్లమచ్చ వ్యాధి కలిగించు సూక్ష్మజీవి చర్మములో చేరినప్పుడు చేపకు దురద పుట్టును. అది రాళ్ళకు, ఇసుకకు దేహమును రాచుకొనును. ఆ రాపిడికి పొలుసులు రాలును. కొన్ని దినములలో మేనిపై ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు తేలినప్పుడు గాని రోగమని తెలియదు. అంతవరకు ఇంటివారు పోరాటమనియే తలచుచుందురు. కొల్లేటి ప్రాంతపు చేపల రైతులకు చిరపరిచితమైన చేపపేను, దానిని శాస్త్రజ్ఞులు ఆర్గులస్ అందురు, కొత్తచేపలతో పాటు ఇంటి తొట్టెలోనికి వచ్చును. బల్లపరుపుగా, పారదర్శకముగ నుండి, చర్మమునకు అంటుకొని రక్తమును పీల్చు ఈ జీవిని పరీక్షగా చూచినగాని గుర్తింపలేము. అది విడిచిన చోట ఎర్రని పోటుగాయము మిగులును.

గాయమువలె కనబడు రోగము వలన కలుగు నష్టమునకు మన దేశచరిత్రలోనే ఒక దృష్టాంతము కలదు. 1988లో ఈశాన్యభారతమున చేపల మేనిపై లోతైన పుండ్లు పడు వ్యాధి ప్రవేశించి, కొద్ది సంవత్సరములలో దేశమునందలి అనేక జలాశయములకు వ్యాపించెను. కొరమీను, పరిగె మొదలగు జాతులు విశేషముగ దెబ్బతినెను. పుండ్లతో తేలిన చేపలను చూచి జనులు భయపడిరి, కొనువారు లేక మత్స్యకారుల కుటుంబములు కష్టపడెను. దానికి మూలము అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అను బూజుజాతి సూక్ష్మజీవి యని తేలినది. భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్యసంస్థవారు దానికై సిఫాక్స్ అను ఔషధమును రూపొందించిరి. కాటుగాయమని తలచి వదలివేసిన పుండు రోగమైనచో తొట్టె మొత్తమునకు ముప్పు వాటిల్లునని దీనివలన గ్రహింపవలెను.

అన్నిటికంటె రహస్యమైన శత్రువు నీరు. చేప తన దేహమునందలి వ్యర్థమును ప్రధానముగ మొప్పల ద్వారా అమ్మోనియా రూపమున విసర్జించును. మిగిలిపోయిన మేత కుళ్ళినను అమ్మోనియాయే పుట్టును. ప్రకృతిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు దీనిని మొదట నైట్రైటుగను, పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు చాలినంతగా పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మనమో, తొట్టె కొన్ననాడే నీరు పోసి, మరునాడే చేపలను నింపుదుము. నీరు అద్దమువలె నిర్మలముగ కనబడుచున్నను దానిలో అమ్మోనియా పెరిగి, మొప్పలను కాల్చి, రెక్కల అంచులను చీల్చి, రక్తపు చారలను కలిగించును. మన ఎండకాలపు వేడిమియు, బోరునీటి క్షారగుణమును ఆ విషమును మరింత తీవ్రము చేయును. ఊపిరాడని చేప చిరాకుపడి ప్రక్కనున్నదానిని తరుమును, బలహీనమైనది దెబ్బతినును, మనము ఆ తరిమినదానిని దోషిగా నిర్ణయింతుము.

ఈ విషయమున మన ప్రాంతమువారికి గల సౌకర్యము అన్ని ప్రాంతములవారికిని అంత సులభముగ లభింపదు. రొయ్యల చెరువుల నిమిత్తము నీటిని పరీక్షించు లాబులు కాకినాడ మొదలు భీమవరమువరకు అనేకము కలవు. చెరువు నీటిలో అమ్మోనియాను, నైట్రైటును, క్షారగుణమును కొలుచు సాధనములే తొట్టె నీటిని కూడ కొలుచును. ఒక శుభ్రమైన సీసాలో తొట్టె నీటిని తీసికొనిపోయి చూపించుకొనుట పెద్ద పని కాదు. చేపను నిందించుటకు ముందు నీటిని పరీక్షింపుడు.

గాయములను చదువుటకు కొన్ని గుర్తులు చెప్పెదను. రెక్క అంచున అర్ధచంద్రాకారముగ ఒక తునక లేచిపోయి, తక్కినదంతయు శుభ్రముగ నున్నచో అది కాటు. అంచులు తెల్లబారి, చీలికలు చీలికలుగా లోనికి కరగిపోవుచున్నచో అది రెక్కకుళ్ళు రోగము. ఒకే చేపకు గాయములై, అది ఎల్లప్పుడు నీటి పైమూలనో యంత్రము వెనుకనో దాగుచున్నచో దానిని ఏదో తరుముచున్నది. పెక్కు చేపలు ఒకేమారు రెక్కలు ముడుచుకొని, మొప్పలు త్వరత్వరగా ఆడించుచు, నీటిపైకి వచ్చి నోరు తెరచుచున్నచో నేరము నీటిది. ప్రక్కన నిలువుగా గీసిన గీత యున్నచో అలంకారమునకై ఉంచిన పదునైన రాతినో, ప్లాస్టిక్ మొక్కనో వ్రేలితో తడిమి చూడుడు.

గాయపడిన చేపను తక్షణమే వేరు తొట్టెలో ఉంచవలెను. ఇందులకు దయ మాత్రమే గాక శాస్త్రముకూడ కారణము. చేప చర్మము చినిగినప్పుడు దానినుండి ఒక భయద్రవ్యము నీటిలో కలిసి, తోటిచేపలను బెదరగొట్టునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మిన్నో చేపలయందు కనుగొనెను. మన పరిగెలును, బంగారు చేపలును ఆ మిన్నో వంశమునకు బంధువులే. గాయపడినది కలవరమును పెంచును. బలహీనమైనదానిని తక్కినవి పొడుచును. వేరు తొట్టెలో శుభ్రమైన నీరు, మందమైన వెలుతురు, లీటరునకు రెండు గ్రాముల గళ్ళుప్పు చాలవరకు మేలు చేయును. జెల్ల వంటి పొలుసులేని చేపలకు మాత్రము ఉప్పును తగ్గింపవలెను. రోగమేదియో తెలియక అంగడిలోని మందులన్నియు పోయరాదు.

తరువాత పెద్దతొట్టె యొక్క ఏర్పాటును మార్చవలెను. రాళ్ళను, మొక్కలను ఒక చేపకు మరియొకటి కనబడని విధముగ అమర్చినచో హద్దులు ఏర్పడును, ఓడినదానికి మాటు దొరకును. కొత్తచేపను కలుపునాడు ఆ అమరికను మార్చినచో పాతచేపలకు తమ పూర్వపు హద్దు గుర్తు తప్పి, అన్నిటికి సమానమైన ఆరంభము లభించును. మేతను రెండుచోట్ల వేయవలెను. గప్పీలలో ఒక మగదానికి రెండు మూడు ఆడవాటిని ఉంచవలెను. మగ ఫైటర్ చేపలు రెండింటిని ఒకచోట ఉంచరాదు. వాస్తుకు మంచిదని కొనెడు ఫ్లవర్‌హార్న్ సంకరజాతి చేప; దానికి పొరుగును సహించు గుణము లేదు, దానిని ఏకాంతముగనే పెంచవలెను. వారమునకొకమారు నీటిలో నాలుగవవంతు తీసి, క్లోరిను తొలగిన మంచినీటిని నింపవలెను. ఏ కొత్తచేపనైనను రెండు మూడు వారములు విడిగా ఉంచి చూచిన పిమ్మటనే కలుపవలెను. కొనుటకు ముందు అది ఎంత పెరుగునో అడుగవలెను. దుకాణములో రెండంగుళములున్న సక్కర్ చేప అడుగునకు మించి పెరుగగలదు.

చివరగా ఒక విజ్ఞప్తి. తొట్టెలో ఇమడని చేపను పంపలోనో, గోదావరి కాలువలోనో, ఊరి చెరువులోనో విడువవద్దు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేపలు అట్లు విడువబడియే నేడు మన చెరువులలో వ్యాపించి, వలలను చించుచు, పెంపుడు చేపల మేతను హరించుచు రైతులను బాధించుచున్నవి. ఒక ఇంటిలో తీరని కలహమును ఊరంతటికి పంచుట న్యాయము కాదు. పెంచజాలని చేపను పెంచగలవారికి ఇయ్యుడు, లేదా అమ్మినవారికే అప్పగింపుడు. నోరులేని ప్రాణులను మన ఆనందమునకై గాజుగోడల నడుమ ఉంచుకొన్నప్పుడు, వాటికి చోటు, మాటు, మంచినీరు, తగిన తోడు సమకూర్చుట మన ధర్మము. ఆ నాలుగును సమకూర్చి, పిమ్మటనే చేపను గూర్చి తీర్పు చెప్పుడని శ్రోతలను ప్రార్థించుచున్నాను.